చూస్తే చాలదు, చేయాలి

ల్యాబులో కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే రోజున పిల్లలకు నేను చెప్పేది ఒకటే. వీడియో కాసేపు చూడండి, ఆపండి, అదే పని మీ కంప్యూటర్‌లో చేయండి, తర్వాతే ముందుకు వెళ్లండి. ఈ పద్ధతి ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్స్‌ది. ఒక్కో పాఠం పది నిమిషాలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. వాటిలో చాలా పాఠాలు తెలుగులోనూ వినొచ్చు. తెర మీది ఇంగ్లిష్ మాత్రం అలాగే ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయికి విషయం సొంత భాషలో బోధపడుతుంది, రేపు ఉద్యోగంలో వాడాల్సిన పదాలూ కంటికి అలవాటవుతాయి.

నాకు ఇంతకన్నా ఇష్టమైన పని ఒకటుంది. ఐఐటీ బొంబాయిలోనే ఫాసీ ప్రాజెక్టు కింద నడిచే టెక్స్ట్‌బుక్ కంపానియన్. ఒక పాఠ్యపుస్తకంలో సాధించి చూపిన లెక్కలకు విద్యార్థులు సైల్యాబ్‌లోనో పైథాన్‌లోనో కోడ్ రాస్తారు. సమీక్ష అయ్యాక అది అందరికీ ఉచితంగా అందుతుంది. జవాబు పుస్తకంతో కలవకపోతే తప్పు కోడ్‌లో ఉందా, సూత్రంలో ఉందా, అచ్చులో ఉందా అని వెతకాలి. ఆ వెతుకులాటలోనే ప్రశ్నించడం అలవడుతుంది. పుస్తకాన్ని నమ్మి బట్టీపట్టిన కుర్రాడు దాన్ని పరీక్షించడం మొదలుపెడతాడు. కొత్త ఆలోచనకు పునాది అక్కడే పడుతుందని నా నమ్మకం.

సైల్యాబ్, పైథాన్ లాంటివి ఓపెన్ సోర్స్ కాబట్టే ఈ పని సాధ్యం. ఫాసీ బృందం కైక్యాడ్, ఎన్‌జీస్పైస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లను కలిపి సర్క్యూట్ల కోసం ఈసిమ్ తయారుచేసింది. దాని లోపలికి వెళ్లి చూడొచ్చు, మార్చొచ్చు. లైసెన్స్ కొనలేని కాలేజీ పిల్లలకూ ఆ తలుపు తెరిచే ఉంటుంది.

నేర్చుకోవడానికి మనకు సరుకు తక్కువేం లేదు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ వీడియో పాఠాలున్నాయి. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం పుణ్యమా అని 2025 నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 జర్నళ్లు అందుతున్నాయి. కొరత సమయానిదే. సాయంత్రం ల్యాబ్‌కు తాళం వేసి, పరీక్షలో రాసినదానికే మార్కులిస్తే ఆ నిధి అంతా వీడియోల జాబితాగా మిగిలిపోతుంది.

అందుకే నా కోరిక ఇది. ప్రతి డిపార్ట్‌మెంటూ ఈ సెమిస్టర్‌లో ఒక పాఠ్యపుస్తకాన్ని పిల్లల చేతికివ్వాలి. దాని లెక్కలన్నిటికీ వాళ్లతోనే కోడ్ రాయించాలి, ఆ పనికి ఇంటర్నల్ మార్కులివ్వాలి. పిల్లలు రాసింది రేపు ఇంకో ఊరి విద్యార్థికి పాఠమవుతుంది.