బడికి పెద్దను తీర్చుట

న్యూ జెర్సీ రాష్ట్రమున పాఠశాలకు ప్రిన్సిపాలు కాగోరు వ్యక్తి విద్యారంగమున ఐదు సంవత్సరములు యోగ్యముగా పనిచేసి యుండవలెననియు, మాస్టర్స్ పట్టము పొంది విద్యానాయకత్వమునకు సంబంధించిన చదువు పూర్తి చేయవలెననియు, రాష్ట్రము నిర్ణయించిన పరీక్షలో నెగ్గవలెననియు, వీనికి తోడు 300 గంటలపాటు ఒక పాఠశాలలో అనుభవజ్ఞుడగు అధికారి చెంత శిష్యరికము సలుపవలెననియు నిబంధనలు కలవు. ఉద్యోగము దొరకిన పిమ్మట గూడ రెండేండ్లు ఒక గురువు కనుసన్నల మెలగినగాని స్థిరమైన లైసెన్సు లభింపదు. ఈ నియమావళిని మొదటిసారి చదివినప్పుడు దాని కట్టుదిట్టములకంటె అందలి యొక ఔదార్యమే నాకు హృద్యముగా తోచినది. ఆ ఐదేండ్ల అనుభవము తరగతిలో నిలిచి పాఠము చెప్పినదే కానక్కరలేదు. విద్యార్థుల గోడు వినుచు, వారి చదువునకును బ్రతుకునకును దారి చూపు కౌన్సిలరు అనుభవము గూడ చెల్లును. న్యూ యార్కు మూడేండ్ల అనుభవముతోను, కాలిఫోర్నియా ఐదేండ్ల అనుభవముతోను ఇదే ద్వారమును తెరచియుంచినవి.

ఈ ద్వారముకడకు వచ్చు అధ్యాపకులచెంతను కౌన్సిలర్లచెంతను కూర్చుండి వారికి పని నేర్పు భాగ్యము నాకు కొంతకాలముగా కలిగినది. ఆ పనిని గూర్చియే ఈ వారము వ్రాయదలచితిని.

ముందుగా ఆ 300 గంటల సంగతి. అవి ఎట్లు వ్యయమగుచున్నవో చూచినవారికి మనసు కలుక్కుమనును. ఉదయమున బస్సులు దిగు పిల్లలను లోనికి పంపుట, మధ్యాహ్నమున భోజనశాలలో కావలి నిలుచుట, రాష్ట్రపరీక్షలకు గదులను అమర్చుట, నెలనెలా తప్పక జరుపవలసిన ఫైర్ డ్రిల్లునకు గడియారము పట్టుకొని నిలుచుట అక్కరలేని పనులని నేననను. వేయిమంది పిల్లలున్న భవనము క్షేమముగా నడచుట వీనివలననే. కాని ఊపిరి సలుపని పనిలోనున్న ప్రిన్సిపాలు తనకు మిగిలిపోయిన చాకిరినెల్ల శిష్యున కప్పగించి, నెలాఖరున గంటల పట్టికపై చేవ్రాలు చేసి పంపివేయగా, ఆ శిష్యుడు ఒక్కనాడైనను ఒక కఠిననిర్ణయము తన చేతిమీదుగా జరుగుట చూడకయే లైసెన్సు పుచ్చుకొనుట కలదు. కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజికి అధ్యక్షుడుగా నుండిన ఆర్థర్ లెవీన్ 2005లో ప్రకటించిన నివేదికలో, ఈ దేశమున పాఠశాలాధికారులను తయారుచేయు శిక్షణశాఖలలో పెక్కింటిని మొగమోటము లేక విమర్శించెను. ప్రవేశమునకు ప్రమాణములు తక్కువ, పాఠ్యక్రమమునకు పాఠశాలల నిత్యజీవితముతో పొత్తు లేదు, క్షేత్రానుభవము బలహీనము, జీతపు మెట్టు ఎక్కుటకై పట్టము కోరువారు పెక్కుమంది అని ఆయన వాదము. ఆ నివేదిక కఠినమైనదే. అయినను అన్యాయమైనదని చెప్పుటకు నాకు నోరు రాదు.

నా చెంతకు వచ్చిన వారికి నేను మొట్టమొదట నేర్పజూచు పని యొక్కటే: పాఠము చూచుట. ఇది తేలికపని యని పైకి తోచును. ఏండ్లతరబడి పాఠము చెప్పినవానికి పాఠము చూచుట రాదా అని అడుగవచ్చును. రాదు. చెప్పుటలో ఆరితేరినవాడు ఇతరుల తరగతిలో కూర్చుండినప్పుడు తాను అయితే ఏమి చేసియుందునో దానినే మనసులో చూచుకొనుచు, ఎదుట జరుగుచున్నదానిని చూడడు. అందుచేత శిష్యులను గది వెనుక మూలను గాక, పిల్లల మొగములు కనబడు ప్రక్కగోడ చెంత కూర్చుండుమందును. అభిప్రాయములు వ్రాయక, వినబడిన మాటలను వినబడినట్లు వ్రాయుమందును. ప్రశ్న వేసిన తరువాత గురువు ఎంతసేపు ఆగినాడో లెక్కింపుమందును. మేరీ బడ్ రో అను పరిశోధకురాలు వందలకొలది పాఠముల ధ్వనిముద్రణములను విని, అధ్యాపకులు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మాత్రమే వేచియుందురనియు, మూడు సెకనులు ఓపిక పట్టినచో పిల్లల సమాధానములు నిడివిలోను ఆలోచనలోను పెరుగుననియు గ్రహించినది. ఆ మూడు సెకనుల మౌనమును గుర్తించి గౌరవింపగల ప్రిన్సిపాలు ఒక్కడున్నచో, ఆ పాఠశాలలో వెనుకబల్లలమీది పిల్లలకు గూడ నోరు వచ్చునని నా నమ్మకము.

సైన్సు అధ్యాపకుడొకడు తోటివాని పాఠము చూచివచ్చి, పిల్లలు శ్రద్ధగా నున్నారని నాకు వ్రాసి చూపెను. "నీకెలా తెలిసిందయ్యా?" అని అడిగితిని. అందరును నిశ్శబ్దముగా నుండిరనెను. ఆ కాగితము ప్రక్కన బెట్టించి, మరునాడు అదే తరగతికి ఆ గురువు అనుమతితో మరల పంపితిని. ఈసారి ముగ్గురు పిల్లలను మాత్రమే చూచి, వారు వ్రాసినదేమో, తుడిచినదేమో, ఎవ్వరిని సాయమడిగిరో వ్రాసికొనివచ్చెను. ఆ ముగ్గురిలో ఇద్దరకు పాఠము మొదటి ఐదు నిమిషములలోనే చేయిదాటిపోయినదని ఆ కాగితమే చెప్పినది. ఆ గురువుతో మాటలాడునప్పుడు ఇతనికి పొగడవలసిన పనిగాని, తెగడవలసిన పనిగాని లేకపోయెను. ఆ యిద్దరు పిల్లల పుస్తకములు బల్లమీద నుంచి ఇరువురును కూడి చూచిరి, అంతియే. ఇరువదియేండ్ల అనుభవముగల ఆ గురువు తానుగా వచ్చువారము మరల రమ్మని పిలిచెను. 2012 నాటి న్యూ జెర్సీ రాష్ట్రశాసనము ననుసరించి ప్రతి అధ్యాపకుని పాఠమును ఏటా లైసెన్సుగల అధికారులు పలుమారులు చూచి మార్కు వేయవలెను. షార్లట్ డేనియల్సన్ 1996లో ప్రకటించిన నాలుగు విభాగముల, ఇరువదిరెండు అంశముల చట్రము పెక్కు డిస్ట్రిక్టులలో వాడుకలో నున్నది. ఆ చట్రము మంచిది. కాని గడులన్నియు నింపిన కాగితము ఏ గురువునైనను మార్చిన దాఖలా నేనెరుగను. ఆ తరువాతి అరగంట మాటయే మార్చును. ఆ అరగంటను నేర్పుటకే 300 గంటలును చాలవు.

ఉపాధ్యాయులతో కూడి మాటలాడుటలోని విలువను నూరేండ్లకు పూర్వమే గుర్తెరిగిన మహనీయురాలు ఎల్లా ఫ్లాగ్ యంగ్. ఆమె 1845లో జన్మించి, పదునేడేండ్ల ప్రాయమున 1862లో చికాగో నగరపు బడిలో ఉపాధ్యాయినిగా చేరి, ప్రిన్సిపాలై, సహాయ సూపరింటెండెంటై, పైయధికారుల శాసనములు అధ్యాపకుల నోళ్లు మూయించుచున్నవని తోచినప్పుడు 1899లో ఆ పదవిని విడిచి, చికాగో విశ్వవిద్యాలయమున తనకంటె పదునాలుగేండ్లు చిన్నవాడైన జాన్ డ్యూయీ చెంత విద్యార్థినిగా కూర్చుండినది. బడిలో ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఒంటరిగా, నిర్ణయములలో పాలులేక, పైనుండి వచ్చిన ఆజ్ఞలను క్రిందికి దింపు వానిగా మిగిలిపోవుటను గూర్చి ఆమె వ్రాసిన సిద్ధాంతగ్రంథము నేటికిని చదువదగినది. 1909లో చికాగో నగర విద్యాలయముల కన్నింటికి సూపరింటెండెంటుగా నియుక్తురాలై, ఈ దేశమున మహానగర విద్యావ్యవస్థ కధిపతియైన మొదటి మహిళయై, మరుసటియేట జాతీయ విద్యాసంఘమునకు అధ్యక్షురాలుగా ఎన్నికైనది. ఉపాధ్యాయులు మాటలాడు మండలులు లేనిదే పాఠశాల నడువరాదని ఆమె పట్టుదల. ఆ కాలముననే స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఎల్వుడ్ కబర్లీ మరియొక మార్గమును చూపుచుండెను. పాఠశాలను కర్మాగారమువలెను, పిల్లలను ముడిసరుకువలెను భావించి, దక్షతగల నిర్వాహకుడు లెక్కలతో నడుపవలసిన సంస్థగా చిత్రించిన ఆయన గ్రంథములే తరువాతి శిక్షణశాఖలకు చిరకాలము ప్రమాణములైనవి. కబర్లీ శ్రమ నిరర్థకమని నేననను. బడులకు లెక్కలు, భవనములు, బడ్జెట్లు కావలెను. అయినను ఈ శతాబ్దమున మేము సరిదిద్దుకొనుచున్న దోషములలో సగము ఎల్లా యంగ్ మాట వినియున్నచో పుట్టియే యుండవని నాకనిపించును.

ఇక కౌన్సిలర్ల సంగతి. వీరు బడికి పెద్దలగుట కొత్తవింత యని కొందరు అధ్యాపకులు కనుబొమలు ముడుతురు. పాఠము చెప్పనివాడు పాఠమును గూర్చి తీర్పు చెప్పునా అని వారి ఆక్షేపణ. ఆక్షేపణలో కొంత న్యాయము లేకపోలేదు. కాని చరిత్రను చూచినచో, ఈ దేశపు పాఠశాలలో మార్గదర్శకత్వము పుట్టినదే ప్రిన్సిపాలు గదిలో. 1907లో మిషిగన్ రాష్ట్రపు గ్రాండ్ రాపిడ్స్ హైస్కూలునకు ప్రిన్సిపాలైన జెస్సీ డేవిస్, ఇంగ్లీషు తరగతులలో వారమున కొకనాడు పిల్లల శీలమును, వారు ముందు చేపట్టదగు వృత్తులను గూర్చిన వ్యాసములు వ్రాయించి చర్చింపజేసెను. మరుసటియేట ఫ్రాంక్ పార్సన్స్ బోస్టనులో వృత్తిమార్గదర్శక కార్యాలయమును స్థాపించెను. రష్యావారి స్పుత్నిక్ 1957లో ఆకాశమున కెగిరిన తరువాత, అమెరికా ప్రభుత్వము 1958 నాటి జాతీయ రక్షణ విద్యాశాసనముతో కౌన్సిలర్ల శిక్షణకు ధనమును కుమ్మరించినది. ఆనాటినుండియే వారు పెక్కు హైస్కూళ్లలో కానవచ్చుచున్నారు. 250 మంది విద్యార్థులకు ఒక కౌన్సిలరుండవలెనని వారి జాతీయసంఘము కోరుచుండ, దేశపు సగటు ఇప్పటికిని ఆ హద్దు దాటియే యున్నది. ఇన్ని వందలమంది బిడ్డల కథలు విన్నవారికి పాఠశాల యనగా ఏమో తెలియదనుట ఎట్లు?

వారికి నిజముగా కష్టమైనది పాఠము కాదు; దానిని వారు శ్రద్ధతో నేర్చుకొందురు. కష్టమైనది శిక్ష. కౌన్సిలరు శిక్షించువాడు కాకూడదని వారి వృత్తిధర్మము బోధించును. కాని కొత్త అసిస్టెంట్ ప్రిన్సిపాలునకు మొదట అప్పగింపబడు పని క్రమశిక్షణయే. మన తెలుగు బిడ్డయే, చిరకాలము కౌన్సిలరుగా పనిచేసిన ఆమె ఒకతె నన్నొకనాడు అడిగినది: "మాస్టారూ, నిన్నటిదాకా నా గదిలో కూర్చుని ఏడ్చిన పిల్లవాణ్ణి రేపు నేనే సస్పెండు చేయాల్సివస్తే ఏం చెయ్యాలండీ?" నేనిట్లంటిని: "చెయ్యవలసివస్తే నువ్వే చెయ్యమ్మా. కాని వాడు నమ్మి నీకు చెప్పిన మాట ఒక్కటి కూడా ఆ కాగితంమీదికి రానివ్వకు. వాడు తిరిగివచ్చే రోజున గుమ్మంలో నువ్వే ఉండు." చెప్పుట సులభమే. ఆచరణకు ఏర్పాటు కావలెను. 1974 నాటి సమాఖ్యశాసనము విద్యార్థి రికార్డులకు రక్షణ కల్పించినదిగాని, ఒకే మనిషి హృదయములో నిలిచియున్న రహస్యమును ఏ శాసనమును రెండుగా విభజింపజాలదు. కావున కౌన్సిలరు అధికారపదవి కెక్కినప్పుడు మొదటి సంవత్సరమున ఆమె తానెరిగిన పిల్లల తరగతిని గాక మరియొక తరగతిని చూచుకొనునట్లు నియమింపుడని నేను డిస్ట్రిక్టువారిని కోరుదును. కొందరు విన్నారు. వినినచోట, సస్పెన్షను ముగించుకొని వచ్చిన బాలుని మరల తరగతిలో కుదుర్చు నేర్పు ఆమెకున్నంత మరెవ్వరికిని లేదని అధ్యాపకులే ఒప్పుకొనిరి.

ఇక స్వదేశపు సంగతి. మన ఆంధ్ర తెలంగాణ ప్రాంతములలో జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలకు స్కూల్ అసిస్టెంట్లనుండి గెజిటెడ్ హెడ్మాస్టర్లుగా ప్రమోషన్లు సీనియారిటీని, శాఖాపరీక్షలను బట్టి జరుగును. ఆ పద్ధతిలో పక్షపాతమునకు చోటు తక్కువ; అది గొప్ప గుణమే. కాని నిన్నటి వరకు సాంఘికశాస్త్రము చెప్పిన వ్యక్తి నేడు మధ్యాహ్నభోజనము లెక్కలను, ఉపాధ్యాయుల సెలవులను, పదవతరగతి ఫలితములను ఒక్కసారి భుజమున కెత్తుకొనునప్పుడు ప్రక్కన నిలుచు గురువు ఎవ్వరు? రఘుపతి వెంకటరత్నంనాయుడుగారు 1905లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలై, ఆడుపిల్లలకును అంటరానివారనబడిన బిడ్డలకును ఆ గుమ్మమును తెరచిరి. అట్టి పుణ్యపురుషులు పుట్టుదాక బడులు వేచియుండజాలవు. అమెరికాలోని సిలికానాంధ్ర మనబడి 2007నుండి వారాంతములలో తెలుగు నేర్పుచున్నది. జీతము లేక పాఠము చెప్పు తల్లిదండ్రులలోనుండియే కేంద్రములను నడుపు సమన్వయకర్తలు రావలసి యుండుటచేత, ఈ ప్రశ్న మన యింటి గుమ్మములోనికి వచ్చినది.

ఒక ప్రిన్సిపాలువలన కలుగు భేదమెంతయో పరిశోధకులు లెక్కకట్టినారు. గ్రిసమ్, ఎగలైట్, లిండ్సే అను మువ్వురు 2021లో ప్రకటించిన సమీక్ష, సగటుకు దిగువనున్న ప్రిన్సిపాలు స్థానమున సగటుకు మించినవారు వచ్చినచో విద్యార్థులకు ఏటా దాదాపు మూడు నెలల చదువునకు సమానమైన లాభము కలుగునని తేల్చినది. వాలెస్ ఫౌండేషన్ 2011లో న్యూ యార్కు, డెన్వర్, షార్లట్ మెక్లెన్‌బర్గ్ మొదలగు ఆరు పెద్ద డిస్ట్రిక్టులలో ఆరంభించిన ప్రయత్నమున, కాబోవు ప్రిన్సిపాళ్లను ఏరి, నిజమైన బాధ్యతలతో తర్ఫీదు చేసి, నియమించిన పిమ్మటగూడ తోడుండిరి. మూడేండ్లు గడచుసరికి ఆ కొత్త ప్రిన్సిపాళ్లున్న పాఠశాలలు పఠనమున ఆరు, గణితమున దాదాపు మూడు పర్సంటైల్ స్థానములు తమవంటి ఇతర పాఠశాలలను మించినట్లు ర్యాండ్ సంస్థ 2019లో ప్రకటించినది. అయిన వ్యయము ఏటా విద్యార్థి కొక్కింటికి సుమారు 42 డాలర్లు.

వసంతకాలమున న్యూ జెర్సీ డిస్ట్రిక్టులు బడ్జెట్లపై బహిరంగసభలు జరుపును. ఎడిసన్ మొదలు ప్రిన్స్టన్ వరకు ఆ సభలలో మన తెలుగు తల్లిదండ్రులు గణితపు పై తరగతులను గూర్చి, బస్సులను గూర్చి చక్కగా, ధైర్యముగా మాటలాడుదురు. వచ్చు సభలో మరి రెండు ప్రశ్నలు వేయుడని వారికి నా మనవి: నేడు ప్రిన్సిపాలు పనికి సిద్ధపడుచున్న అధ్యాపకులు, కౌన్సిలర్లు మన బడులలో ఎవరెవరు? వారు పూర్తిగా ఒక సంవత్సరము ఆ పనిలోనే నిలిచి నేర్చుకొనుటకు, వారి తరగతిని ఆ యేడు చూచు మనిషికి జీతము ఈ బడ్జెటులో ఏ పంక్తిలో నున్నది?