అది ఇవాళ రాలేదు

మొన్న సోమవారం పొద్దున్నే ఎదురింటావిడ ఫోను చేశారు. “ఏమండీ, మీ ఇంటికి వచ్చిందా?” అన్నారు. ఎవరని ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దున్న ఏడున్నరకి, సింకు నిండా రాత్రి గిన్నెలు పెట్టుకుని కూర్చున్న ఇద్దరు ఇల్లాళ్ల మధ్య ఆ ప్రశ్నకి ఒకటే అర్థం.

“లేదండీ, అది ఇవాళ రాలేదు. ఎప్పుడొస్తుందో కూడా తెలీదు. అది లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే ఉంటుంది” అన్నాను.

కాలేజీకి తయారవుతున్న మా అమ్మాయి తల దువ్వుకుంటూ వచ్చి, “ఏది రాలేదమ్మా? మిక్సీయేనా?” అంది.

నిజమే, మా మిక్సీ రిపేరుకెళ్లి అప్పటికి వారం రోజులైంది. నవ్వొచ్చింది. నవ్వేశాక నేనన్న మాటలే మళ్లీ ఒకసారి అనుకుని చూసుకున్నాను. అది ఇవాళ రాలేదు, ఎప్పుడొస్తుందో తెలీదు, అది లేకపోతే చెయ్యి విరిగినట్టుంటుంది. మిక్సీకైనా పనిమనిషికైనా ఇందులో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు! అదే పాలబ్బాయి రాలేదనుకోండి, “వాడు ఇవాళ రాలేదు” అంటాను. ఎంత విసుగ్గా అన్నా సరే, రానిది ఒక మనిషి అని అవతలివాళ్లకి తెలిసిపోతుంది.

గిన్నెలు తోముకుంటూ ఆ పూటంతా నేను చేసిన ఆలోచనే ఇది. సాహిత్య విమర్శ అంటే పెద్ద పెద్ద గ్రంథాలు ముందేసుకుని చెయ్యాలంటారు. నాది సింకు ముందు మొదలైంది, ఏం చేయను!

ముందుగా తప్పు ఎవరిదో చూద్దాం. వ్యాకరణానిదే అనుకున్నాను నేను. బి.ఏ.లో చదువుకున్న పాఠం గుర్తొచ్చింది. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరిగారు నామవాచకాలని రెండుగా విడదీశారు. మగవాళ్లని చెప్పే మాటలు మహత్తులు. తక్కినవన్నీ, అంటే గొడ్డూ గోదా, చెట్టూ చేమా, రాయీ రప్పా, అమహత్తులు. మరి ఆడవాళ్లో? మనకి ‘మహతులు’ అని విడిగా పేరు పెట్టారు గానీ, ఏకవచనంలో అమహత్తులతో కూర్చోబెట్టారు, బహువచనంలో మహత్తులతో. ఆయన కనిపెట్టిందేం కాదు లెండి, జనం మాట్లాడుతున్నదే రాశారు. ‘అతను వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’. ఇద్దరాడవాళ్లు కలిసి వస్తే మాత్రం ‘వచ్చారు’. బస్సులు రెండైనా ‘వచ్చాయి’. ఒంటరిగా వెడితే బస్సుతో సమానం, పక్కింటావిణ్ణి తోడు తీసుకెడితే మనిషితో సమానం అన్నమాట. పేరంటాలకి జట్టుగా వెళ్లే ఆచారం ఇందుకే వచ్చిందేమోనని మా క్లాసులో ఒకమ్మాయి అంటే, మా మేష్టారు కూడా నవ్వారు.

మనవాళ్లు ‘మగవాడు’ అన్నదానికి జోడీగా ‘ఆడది’ అన్నారు చూడండి. ‘మంచివాడు’ అంటే మనిషే. ‘మంచిది’ అంటే మేనకోడలూ కావచ్చు, మామిడిపండూ కావచ్చు.

అయితే వ్యాకరణం మీద మరీ కోపం తెచ్చుకోవడం కూడా న్యాయం కాదు. తమిళంలో ఆడమనిషి వస్తే క్రియ వేరు, వస్తువు వస్తే వేరు. కన్నడంలోనూ అంతే. అంతమాత్రాన అక్కడి ఆడవాళ్లకి వంటిల్లు తప్పిందా, వరకట్నం తప్పిందా? గోండీ, కొలామీ లాంటి మన సోదర భాషల్లోనైతే ఆడవాళ్లు బహువచనంలో కూడా మగవాళ్లతో కలవరు. ఆ భాషలవాళ్లంతా ఆడవాళ్లని మనకంటే తక్కువగా చూస్తారని ఎవరనగలరు? భాషాశాస్త్రం చదివినవాళ్లు చెప్పేదేమిటంటే, తెలుగు క్రియకి తెలిసిన తేడా ‘మగ’, ‘మగ కానిది’ అన్న రెండే. ఆడవాళ్లని ఎవరో పనిగట్టుకుని కిందకి దించలేదు. మనకంటూ వేరే పీట వెయ్యలేదు, అంతే.

పైగా ‘అది’లో ఎంత ప్రేముందో మనకి తెలీదా? “మా చిన్నది ఇంకా అన్నం తినలేదు, అది వచ్చాక నేనూ తింటాను” అనే తల్లి నోట్లో ‘అది’ వెన్నముద్దలా ఉంటుంది. ఆ చోట ‘ఆమె’ అని చూడండి, కూతురు కాస్తా పరాయిదైపోతుంది. పిలుపుల సంగతీ ఇంతే. మా ఇంట్లో మేం నాన్నగారిని ‘మీరు’ అనేవాళ్లం, అమ్మని ‘నువ్వు’ అనేవాళ్లం. అమ్మంటే గౌరవం లేకా? చనువు. కానీ ఒక్కమాట ఒప్పుకోవాలి. నాన్నగారి కంచం ముందు ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మేం, కూరలో ఉప్పెక్కువైందని అమ్మ మీద మాత్రం అరిచేవాళ్లం. ‘నువ్వు’ ఇచ్చిన చనువే ఆ అరుపుకీ దారి చూపించింది.

కాబట్టి నేను పట్టుకోవాల్సింది క్రియని కాదు. ‘వచ్చింది’ అన్న క్రియకి ముందు ఏం పెట్టాలో మన చేతిలోనే ఉంది. మగవాడికి వాడు, అతను, ఆయన అని మెట్లున్నట్టే, మనకీ అది, ఆమె, ఆవిడ అని మెట్లున్నాయి. సీమలో ‘ఆయమ్మ’ అంటారు, ఎంత బావుంటుందో ఆ మాట! ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో నిర్ణయించేది వ్యాకరణం కాదు, మనమే. తేడా ఎక్కడొస్తుందంటే, మగవాడు ఎంత దిగినా ‘వాడు’ దగ్గర ఆగిపోతాడు. దొంగైనా, తాగుబోతైనా, పెళ్లాన్ని కొట్టేవాడైనా ‘వాడే’. ఆడది ఒక్క మెట్టు దిగితే చాలు, మిక్సీ పక్కకి వచ్చేస్తుంది.

ఇక నా నేరం చెప్పుకుంటాను. మూడేళ్ల కిందట నా నవల ఒకటి పుస్తకంగా వచ్చింది. కొన్నాళ్లకి గోదావరి జిల్లానుంచి ఒక టీచరమ్మ ఉత్తరం రాశారు. కథ బావుందనీ, కళ్లనీళ్లు పెట్టుకున్నాననీ రాసి, చివర ఇలా అడిగారు: మీ నవలలో కథానాయిక ‘ఆమె’, వాళ్లత్తగారు ‘ఆవిడ’, ఆస్తంతా కాజేసి ఆమెని నడివీధిలో నిలబెట్టిన మరిది ‘అతను’. ఆమెకి కష్టంలో కూడుపెట్టిన పనిమనిషి ఒక్కతే మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా ‘అది’ ఎందుకైందండీ?

నేను కాసేపు ఆ ఉత్తరం పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ పాత్రంటే నాకు చాలా ఇష్టం. రాస్తూ రాస్తూ నేను ఏడ్చింది ఆ పాత్ర దగ్గరే. అయినా ‘అది’ అనే రాశాను, ఒక్కచోట కూడా నా కలం ఆగలేదు. మరిదిని ‘వాడు’ అనాలని మాత్రం తోచలేదు. చదువుకున్నవాడు కదా, ఇస్త్రీబట్టలు వేసుకున్నవాడు కదా!

మిగతావాళ్లెలా రాశారో చూద్దామని బీరువాలో ఉన్న నవలలు తీశాను. నేనొక్కదాన్నే కాదు. మన ఆడవాళ్లం రాసినవాటిలో కూడా చాలాచోట్ల పనిమనిషి ‘అదే’. ఇక చెడ్డ ఆడదాని పాత్రయితే తమాషాగా ఉంటుంది. ఆవిడ గుట్టు బయటపడేదాకా ‘ఆమె’గా ఉండి, ఆ అధ్యాయంలోనే ‘అది’ అయిపోతుంది. టీవీ సీరియళ్లలో సరేసరి, భార్య నోట మొగుడెప్పుడూ ‘ఆయన’, ఆయన తిరుగుతున్న మనిషి ‘అది’. తప్పు ఇద్దరూ చేశారు, మెట్టు దిగింది ఒక్కతే.

పత్రికలూ తక్కువ తినలేదు. మంత్రిగారు ఆడవారైతే ‘ఆమె చెప్పారు’ అంటాయి. ఇటుకబట్టీలో పనిచేసే ఆడమనిషైతే ‘ఆమె చెప్పింది’ అంటాయి. మగ మంత్రికీ మగ కూలీకీ కూడా ‘చెప్పారు’, ‘చెప్పాడు’ అనే తేడా ఉంది, కాదనను. అక్కడ పోయేది హోదా. ఇక్కడ హోదాతోపాటు ఇంకేదో కూడా పోతోంది.

పోనీ, ‘అది’ని ‘ఆమె’ చేస్తే సరిపోతుంది కదా, ఇంత గొడవెందుకు అనుకుంటున్నారేమో. నేనూ అలాగే అనుకున్నాను. రెండో ముద్రణకి ప్రూఫులు వచ్చినప్పుడు ఎర్ర పెన్ను పట్టుకుని మొదలుపెట్టాను. నా నవలలో ఒకచోట, “దాన్ని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టి పొమ్మంది” అని ఉంది. ‘దాన్ని’ కొట్టేసి ‘ఆమెని’ అని దిద్దాను. చదివితే వాక్యం నిలబడలేదు. ‘ఆమె’ అన్నాక చీవాట్లు ఎలా పెడుతుంది నా కథానాయిక? కారణం అడుగుతుంది. కారణం అడిగితే పనిమనిషి జవాబు చెబుతుంది. జవాబు చెప్పడానికి నేను ఆమెకి మాటలు రాయలేదాయె! ఒక్క సర్వనామం మారిస్తే ఆ సన్నివేశం మొత్తం మళ్లీ రాయాల్సొచ్చింది. అలా పదకొండు చోట్ల. మనసులో ఉన్నదే భాషలోకి వస్తుందని ఇన్నాళ్లూ నమ్మాను. మాట మారితే ప్రవర్తన కూడా మారక తప్పదని ఆ ప్రూఫులు నేర్పాయి.

పెద్దవాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1910లో గురజాడవారు ‘దిద్దుబాటు’ కథ రాశారు. సానిమేళానికి వెళ్లి రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కమలిని కనిపించదు, ఉత్తరం కనిపిస్తుంది. అందులో మొట్టమొదట అతన్ని కలవరపెట్టేది ఏమిటి? ఆమె ‘అయ్యా’ అని సంబోధించడం. ఇంకా ఉత్తరంలోకి వెళ్లకుండానే ఆ ఒక్క పిలుపుతో అతనికి కాళ్లకింద నేల కదులుతుంది. కథలో తక్కిన దిద్దుబాటు తర్వాత సంగతి. మొదటి దిద్దుబాటు ఆ పిలుపే చేసింది.

మన భాషలోనే ఇంకో విశేషం ఉంది, అది నాకు ధైర్యమిస్తుంది. హిందీలో ‘నేను వచ్చాను’ అనాలంటే మగవాడు ఒకలా, ఆడది ఒకలా అనాలి. తెలుగులో ‘నేను వచ్చాను’ అంటే వచ్చాను, అంతే. అందులో మహత్తూ లేదు, అమహత్తూ లేదు. 1927లో చలం ‘మైదానం’ రాసినప్పుడు కథంతా రాజేశ్వరి చేతనే ‘నేను’ అని చెప్పించారు. ఆ కథనే ఊళ్లోవాళ్లు చెబితే ఆమె ఎన్ని పేజీలపాటు ‘ఆమె’గా మిగిలేదో మీరే ఊహించుకోండి! తెలుగులో ఆడది తన సంగతి తాను చెప్పుకున్నంతసేపూ ఎవరికీ తీసిపోదు. ఆమె సంగతి ఇంకొకరు చెప్పడం మొదలుపెట్టాకే ఈ మెట్ల గొడవంతా.

ఇంతకీ ఆ సోమవారం సంగతి పూర్తి చెయ్యలేదు కదూ. మంగళవారం పొద్దున్న ఆమె వచ్చింది. నేను ఆలోచించుకున్నదంతా అటకెక్కింది, అలవాటు కొద్దీ విసుగ్గానే అడిగాను, “నిన్న రాకపోతే చెప్పొద్దూ?” అని.

“నేను చేశానమ్మగారూ, రెండుసార్లు చేశాను. మీరు తియ్యలేదు. పిల్లాడికి జొరం, ఆసుపత్రిలో వరసలో నిలబడి చేశాను” అంది.

ఫోను తీసి చూశాను. ఆదివారం రాత్రి తొమ్మిదింటికోసారి, సోమవారం ఆరింటికోసారి, రెండూ ఉన్నాయి. నేను చూడకపోలేదు. ఏదో జీతం అడ్వాన్సు కోసం అయ్యుంటుంది, పొద్దున్న వస్తుందిగా అనుకుని వదిలేశాను. అలా ఎందుకు అనుకున్నానో తెర మీద పేరు చూస్తే తెలిసింది. ‘పనిమనిషి 2’ అని ఉంది. ఇదివరకు చేసినావిడ ‘పనిమనిషి’, ఈమె ‘పనిమనిషి 2’. ఆ చోట పేరు ఉండుంటే, కనీసం ఏమైందోనని ఫోను తీసేదాన్నేమో. ఆ రాత్రి ఆమె జ్వరం వచ్చిన పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని, ఇంటికి మూడువందల గజాల దూరంలో కారున్న నాకే చేసింది.

ఏం మాట్లాడాలో తోచక, “ఇప్పుడెలా ఉన్నాడు?” అన్నాను. “తగ్గిందమ్మా” అని గిన్నెల దగ్గరికి వెళ్లింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి చేత ఫోనులో ఆ పేరు మార్పించాను. అసలు పేరేమిటో ఇక్కడ రాయడం లేదు, రాయనా అని ఆమెని అడగలేదు కనక. బుధవారం ఎదురింటావిడ మళ్లీ ఫోను చేసి, “వచ్చిందాండీ అది?” అన్నారు. “ఆ, వచ్చిందండీ ఆవిడ” అన్నాను. అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు.

“ఎవరొచ్చారండీ, చుట్టాలా?” అన్నారావిడ.