నిర్మొహమాటంగా చెప్పండి

"చదివి నిర్మొహమాటంగా చెప్పండి సార్" అంటూ కథ చేతిలో పెట్టేవాళ్లను ఇన్నేళ్లలో చాలామందినే చూశాను. వాళ్లలో ఒకాయన్ని మాత్రం మరిచిపోలేను. రిటైరైన టీచరు. పన్నెండు తెల్లకాగితాలు, ఎడమవైపు మార్జిను మడిచి, నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. ఎన్నిసార్లు సాపు రాసుకున్నారో!

వారం తర్వాత వచ్చారు. అడిగారు కదా అని ఉన్నమాట చెప్పేశాను. ముగింపు తేలిపోయిందండీ, తల్లి మాటలు ఉపన్యాసంలా ఉన్నాయండీ అన్నాను. ఆయన తలాడిస్తూ విన్నారు. కాగితాలు తీసుకుని అంచులు సరిచేశారు, మళ్లీ సరిచేశారు. కాఫీ సగంలోనే ఉండిపోయింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "అవి మా అమ్మ అన్న మాటలేనండీ" అన్నారు.

నేను అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు చదివినా అదే అంటాను. అయితే ఆయన తెలుసుకోవాలనుకున్నది వేరు. అమ్మను కాగితం మీదికి తెచ్చాను, మీకు కనబడిందా అని. అంత మాట నోరు తెరిచి అడగలేక, అందరూ అనే మాటే అన్నారు.

శ్రీశ్రీ తన కవితల పుస్తకం 'మహాప్రస్థానం'కి ముందుమాట అడిగితే, కవిత్వాన్ని తూచడం తన వల్ల కాదన్నాడు చలం. తూకం ఎవరడిగారు, అనుభవించి చెప్పమన్నాడు శ్రీశ్రీ. ఈ సంగతి చలమే ఆ ముందుమాట 'యోగ్యతాపత్రం'లో రాశాడు. 1950లో పుస్తకం వచ్చినప్పటి నుంచీ అందరూ చదువుతున్నదే. తనకేం కావాలో శ్రీశ్రీ తేల్చి చెప్పాడు. మనకు అంత ధైర్యం చాలదు. అనుభవించి చెబితే బావుండునని లోపల ఆశపడుతూ, పైకి తూచమంటాం. ముల్లు కాస్త అటు మొగ్గితే ప్రాణం చివుక్కుమంటుంది.

నాకూ అనుభవమే. మొదటి కథ మా బాబాయికిచ్చి, ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను. "రెండో పేజీ ఎందుకురా?" అన్నాడు. పదిరోజులు వాళ్లింటి వైపు వెళ్లలేదు. ఆ పేజీ తీసేశాకే కథ అచ్చయింది.

ఇప్పుడు ఎవరైనా కథ ఇస్తే ముందు నేనే అడుగుతాను, "మీకెక్కడ అనుమానంగా ఉంది?" అని. కొందరు వెంటనే ఒక పేరా మీద వేలు పెడతారు. వాళ్లతో ఏదైనా మాట్లాడొచ్చు. "అబ్బే, మీరే చెప్పాలండీ" అనేవాళ్లకు, చదివాక నాలో మిగిలిపోయిన వాక్యమేదో ముందు చెబుతాను. అది దొరికేదాకా కథ మళ్లీ మళ్లీ చదువుతాను.

మాస్టారి కథలోనూ అలాంటిది ఒకటుంది. కొడుకును తిడుతూనే, వాడి వాటా మీగడ వేరే గిన్నెలో తీసిపెడుతుంది ఆ తల్లి. ఆ రోజే గమనించాను. చెప్పలేదు.