జావ చల్లార్చే పిల్ల

డిసెంబరు వచ్చిందంటే మా గోదావరి ఊళ్లలో సార్వా నూర్పుళ్లు ఓవైపు, చర్చిల్లో క్రిస్మస్‌కి కట్టే పశువుల పాకలు మరోవైపు. పాక మీద కప్పే వరిగడ్డి అప్పుడే కళ్లంలోంచి వచ్చింది. వెదురు బద్దలు, కొబ్బరి మట్టలు, తాటాకు అన్నీ ఊళ్లోవే. లోపల పెట్టే బొమ్మలే ఊరివి కావు. అచ్చులో పోసిన ప్లాస్టర్, నీలికళ్లు, గులాబి బుగ్గలు. ఏటా నా మనసు అక్కడే చివుక్కుమంటుంది.

ఈ పాకల ఆనవాయితీకి మూలపురుషుడిగా చెప్పే పునీత ఫ్రాన్సిస్, 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊళ్లో గడ్డి తెప్పించి, నిజం ఎద్దునీ గాడిదనీ కట్టించాడు. ఆ శతాబ్దం చివర్లో ఆర్నోల్ఫో ది కాంబియో అనే శిల్పి రోములో యేసు పుట్టిన దృశ్యాన్ని రాతిలో మలిచాడు. ఇక మట్టి దగ్గరికొస్తే నాకు ఇటలీ శిల్పి గుయిడో మజ్జోని తర్వాతే ఎవరైనా. ఉత్సవాలకు ముఖాల తొడుగులు చేసిన చేయి అతనిది. 1480ల్లో మోడెనా కేథడ్రల్ కోసం కాల్చిన మట్టితో నిలువెత్తు బొమ్మలు చేసి రంగులు వేశాడు. మరియమ్మ ఒళ్లో బాలయేసు. పక్కన ఓ పనిపిల్ల మోకరిల్లి, పసివాడి నోరు కాలకుండా చెంచాలోని జావని ఊదుతోంది. పెదాలు సున్నా చుట్టి, చూపంతా చెంచా మీదే. సువార్తలో ఆ పిల్ల లేదు. మజ్జోని తన వీధిలోంచి తెచ్చి దేవుడి ముందు కూర్చోబెట్టాడు. నా దృష్టిలో భక్తంటే అదీ!

ఇక మన వైపు సంగతికొస్తే, 1836లో ఇండియా వచ్చి తర్వాత నరసాపురంలో స్థిరపడ్డ మిషనరీలు బౌడెన్, బీర్‌ల బాటలో నడిచే బ్రదరన్ శాఖ మందిరాల్లో విగ్రహాలుండవు. ఆ నియమం మీద నాకు గౌరవం ఉంది. నేననేది పాక పెట్టే చోట్ల గురించే. చవితికి ఒండ్రుమట్టితో వినాయకుణ్ణి, సంక్రాంతి కొలువుకి బొమ్మల్నీ చేసే చేతులు మన దగ్గరే ఉండగా, పాకలోకి పరాయి ముఖాలెందుకు?

పాక కట్టే కుర్రాళ్లకి నా మనవి ఒక్కటే. ఈ ఏడు ఒక్క బొమ్మయినా మన కుమ్మరితో చేయించండి. చీర కొంగు నడుముకి దోపి, గిన్నెలో రాగిజావ ఊదుతున్న మన పక్కింటి పిన్ని కావాలని అడగండి. పెద్ద బొమ్మయితే లోపల డొల్ల చెయ్యాలి, నీడన నిదానంగా ఆరాలి, ఆ తర్వాతే ఆవం. తొందరపెడితే పగులుతుంది. అందుకని దీపావళి వెళ్లగానే బయానా ఇచ్చెయ్యండి.