మూడు డబ్బాలు చాలు

మొటిమలున్న మొహం మీద ఊరందరికీ హక్కుంటుంది. పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్నావిడ, బస్సులో ఎదురు సీట్లో ఆవిడ, అడక్కుండానే గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి మందు చెప్పేస్తారు. జాజికాయ పాలతో అరగదీసి పెట్టమని ఒకరు, నిమ్మచెక్కతో రుద్దమని ఇంకొకరు. పడుకునే ముందు టూత్‌పేస్టు చుక్క పెట్టుకోమనేవాళ్లున్నారు. కడుపు శుభ్రంగా లేకే ఇదంతా అంటూ ఆముదం దాకా వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఈ చుట్టాలందర్నీ మించిన చుట్టం ఇప్పుడు చేతిలోనే ఉంటోంది. ఫోన్ తెరిస్తే చాలు, పది మెట్ల కొరియా పద్ధతి, పొద్దున ఒక సీరమ్, రాత్రికి ఇంకో సీరమ్, మధ్యలో టోనరు.

నాది ఏం రాసినా మండే మొహం. మొటిమలు వచ్చే రకం కూడా. ఈ రెండూ ఒకే మొహంలో కాపురం పెడితే వచ్చే చిక్కు ఏమిటంటే, మొటిమల మీద పనిచేసే మందులన్నీ కాస్తో కూస్తో మండించేవే. మంట తగ్గించే జిడ్డు క్రీములేమో మొటిమల్ని పెంచుతాయి. ఇప్పుడు మా మేనకోడలికి ఇదే చర్మం వచ్చింది. ఇంజినీరింగ్ చదువుతూ కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటోంది. దాని మొహం గురించి మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకున్నంత, దాని మార్కుల గురించి వాళ్ల నాన్న కూడా మాట్లాడి ఉండడు.

దానికి మొదట చెప్పింది ఒక్కటే: మొటిమ మురికి వల్ల రాదు. వెంట్రుక కుదుళ్లను అంటిపెట్టుకుని చిన్న చిన్న నూనె గ్రంథులుంటాయి. వయసొచ్చేసరికి ఆండ్రోజెన్ హార్మోన్లు వాటిని తట్టిలేపుతాయి. అదే సమయంలో రంధ్రం లోపలి గోడ నుంచి రాలిపోవాల్సిన కణాలు రాలకుండా నూనెతో కలిసి దారి మూసేస్తాయి. అందరి చర్మం మీదా ఉండే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి ఆ మూసుకున్న చోట తెగ పెరుగుతుంది. దాని మీద ఒళ్లు తిరగబడితే వచ్చేదే వాపు, నొప్పి, చీము. ఈ తతంగమంతా కంటికి కనబడేలోపు లోపల వారాల తరబడి నడుస్తుంది. ఇవాళ అద్దంలో కనబడ్డ మొటిమకి నిన్న తిన్న పూరీని తిట్టి లాభం లేదు. చర్మవైద్యులు ఏ మందైనా 8 నుంచి 12 వారాలు వాడి చూడమనేది ఇందుకే. పైకి రాబోయే మొటిమలు అప్పటికే లోపల తయారై కూర్చుంటాయి మరి.

మురికి అనుకుంటే ఏం చేస్తాం? రుద్దుతాం. మా మేనకోడలు కాలేజీ నుంచి వచ్చిన ప్రతిసారీ ఒంటి సబ్బుతో మొహం కడిగేది. సబ్బు క్షారగుణం ఉన్నది, దాని పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. చర్మం పైపొర 5 దగ్గర, కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది. కడిగిన ప్రతిసారీ ఆ పొర దెబ్బతిని, బిగుసుకుపోయి, తర్వాత ఏం రాసినా మండుతుంది. దానికి తోడు హాస్టల్లో బోరు నీళ్లు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలతో సబ్బు కలిస్తే నురగకి బదులు తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్ అంచుకి పట్టి గోకితే గాని పోని ఆ తెట్టే మొహానికీ పడుతుంది. సువాసన లేని, సబ్బు కాని క్లెన్సర్ ఒకటి కొనుక్కుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేళ్లతో మెల్లగా కడుక్కోమన్నాను. స్క్రబ్బు, బ్రష్షు, పీచు మొహం దాకా రాకూడదు. కడిగాక చర్మం కిర్రుమంటే శుభ్రమైందని సంబరపడతాం గానీ, ఉండాల్సిన నూనె కూడా పోయిందని దానర్థం.

ఇక సున్నిపిండి. ఇక్కడ నాకు మా అత్తగారితో పేచీ వస్తుంది. ఆవిడ సున్నిపిండికి మా బంధువుల్లో పేరుంది. పెసలు, శనగపప్పు, పసుపు కొమ్ములు, కచ్చూరాలు, బావంచాలు, ఎండిన గులాబీ రేకలు, నారింజ తొక్కలు, అన్నీ ఎండబెట్టి మరపట్టిస్తారు. సంక్రాంతికి నువ్వుల నూనె రాసి ఆ పిండితో నలుగు పెడితే ఒళ్లు తేలికపడే మాట నిజం. ఒంటికి నేనూ వాడతాను. వాచిన మొటిమల మీద మాత్రం ఆ బరక పిండి రుద్దితే లోపలున్నది అక్కడే చితికి, వాపు ఇంకా లోతుకి దిగుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి బావంచాలది. చూడటానికి నల్లగా, చిన్న మూత్రపిండం ఆకారంలో ఉండే ఈ గింజల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది పడ్డ చర్మం మీద ఎండ తగిలితే కందిపోతుంది, ఆ పైన నల్లబడుతుంది. బొల్లి మచ్చలకి బావంచాలు మందుగా వాడేది ఈ గుణం కోసమే. రాసి, కొలత ప్రకారం ఎండ చూపిస్తారు. పొద్దున్నే మొహానికి నలుగు పెట్టుకుని పదింటికి బస్‌స్టాపులో నిలబడేవాళ్లు ఆ వైద్యం కొలత లేకుండా చేసుకుంటున్నట్టే. నిమ్మకాయ సంగతీ దాదాపు ఇంతే. దాని రసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, ఎండతో కలిసి చర్మాన్ని కాల్చే పదార్థాలు నిమ్మజాతి కాయల్లోనూ ఉన్నాయి.

ఇదంతా విని మా అత్తగారు, "మా కాలంలో అందరికీ బాగానే ఉండేదమ్మా" అన్నారు. ఉండేదే, మొటిమలు లేనివాళ్లకి.

విదేశాల్లో రాసిన పుస్తకాలు, వీడియోలు మనకి సరిగా చెప్పని విషయం ఒకటుంది. చర్మం చికాకు పడితే ఎర్రబడుతుందని వాటిలో ఉంటుంది. మన చామనచాయ మొహాల్లో ఆ ఎరుపు అంతగా కనబడదు. ముందు చిరచిర, బిగుతు, పొట్టు రాలడం. ఆ తర్వాత నలుపు. మొటిమ వారంలో పోతుంది, దాని నల్లమచ్చ మాత్రం నెలల తరబడి ఉండిపోతుంది. అలాంటి మచ్చకి మొటిమే అక్కర్లేదు, మందు మంట కూడా చాలు. కాబట్టి మనలాంటి చర్మం మీద దూకుడు వైద్యం లెక్క ప్రకారమే నష్టం. వారంలో పోయే మొటిమని మూడు రోజుల్లో పోగొట్టబోయి ఆరు నెలల మచ్చ తెచ్చుకోవడం ఎందుకు? నా పద్ధతిలో ఓపికగా ఉండటం కనిపిస్తే అది నా సుగుణం కాదు, ఈ లెక్కే.

అందుకని మూడు డబ్బాలు. మెత్తటి క్లెన్సర్, పల్చటి మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. మొదటి రెండు మూడు వారాలు ఇంకేమీ వద్దు. మంట తగ్గి చర్మం కుదుటపడాలి. కొత్తది ఏది కొన్నా ముందు చెవి వెనక గానీ మోచేతి లోపలి వైపు గానీ కొన్నాళ్లు రాసి చూడాలి. రెండు కొత్తవి ఒకేసారి మొదలుపెడితే ఏది పడిందో ఏది పడలేదో దేవుడికి కూడా తెలియదు. మాయిశ్చరైజర్ డబ్బా మీద నాన్ కొమిడోజెనిక్ అని ఉంటే మంచిదే గానీ దాన్ని మరీ వేదవాక్కుగా తీసుకోకండి. ఏ క్రీము రంధ్రాల్ని మూసేస్తుందో తేల్చే తొలి పరీక్షలు కుందేళ్ల చెవుల మీద జరిగాయి. మనిషి మొహం కంటే కుందేలు చెవి తొందరగా మూసుకుపోతుంది. పైగా ఆ మాట రాసుకోవడానికి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. సెరమైడ్లు, గ్లిజరిన్ ఉన్న, సువాసన లేని రకం చాలామందికి సరిపడుతుంది. అయినా చివరి తీర్పు మీ మొహానిదే.

తలనూనె మాట కూడా చెప్పాలి. రాత్రి కొబ్బరినూనె దట్టంగా పట్టించి పడుకుంటే అది నుదుటికి, చెంపలకి, దిండుకి చేరుతుంది. జుట్టు మొదట్లో వరసగా వచ్చే పొక్కులు చాలావరకు దాని చలవే. నుదుటి మీద అన్నీ ఒకే సైజులో చిన్నగా వచ్చి దురద పెడుతుంటే అవి మొటిమలు కాకపోవచ్చు. మలసీజియా అనే శిలీంధ్రం వెంట్రుక కుదుళ్లలో పెరిగినా అలాగే ఉంటుంది. మొటిమల మందుకి అది లొంగదు, వేరే మందు కావాలి. బండి మీద వెళ్లే ఆడపిల్లలు మొహానికి బిగించి కట్టుకునే స్కార్ఫు, మగపిల్లల హెల్మెట్ పట్టీ కూడా గడ్డం దగ్గర రాపిడితో పొక్కులు తెస్తాయి. ఉతికి కట్టుకోవడం, కాస్త వదులుగా కట్టుకోవడం తప్ప దానికి మందేమీ లేదు.

అసలు మందు ఆ తర్వాతే. మా మేనకోడల్ని చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళితే రాత్రిపూట రాసుకోవడానికి అడాపలీన్ 0.1 శాతం జెల్ రాశారు. ఇది రంధ్రం మూసుకోకుండా చూసే మందు. గర్భిణులు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు వాడకూడదు. రాసే తీరు ఆవిడ దగ్గరుండి చూపించారు. మొహం కడిగాక తడి పూర్తిగా ఆరనివ్వాలి, తడి చర్మం మీద మంట ఎక్కువ. ముందు మాయిశ్చరైజర్. అది ఇంకాక శనగగింజంత జెల్ వేలి మీద తీసుకుని నుదుటి మీద, రెండు బుగ్గల మీద, ముక్కు మీద, గడ్డం మీద చుక్కలుగా పెట్టి పల్చగా పరవాలి. కళ్ల చుట్టూ, ముక్కుపుటాల మూలల్లో, పెదవుల అంచుల్లో వద్దు, ముందు పగిలేది అక్కడే. మొటిమ ఉన్న చోట మాత్రమే అద్దితే కుదరదు, మొత్తం మొహానికి రాయాలి, ఎందుకంటే రాబోయేవి ఎక్కడున్నాయో మనకి తెలియదు. మొదట్లో వారానికి రెండు రాత్రులే. చర్మం ఓర్చుకుంటే మూడు, ఆ తర్వాత రాత్రి విడిచి రాత్రి.

కొందరికి పగటిపూట బెంజాయిల్ పెరాక్సైడ్ ఇస్తారు. దాంట్లో 2.5 శాతం తీసుకోవడం మేలు. వాచిన మొటిమల్ని తగ్గించడంలో 2.5 శాతానికి, 10 శాతానికి తేడా లేదని 1980ల్లోనే తేలింది. తేడా మంటలో ఉంది. పెద్ద అంకె పెద్ద మందు అనుకోవడం మనకి అలవాటు. తువ్వాళ్లు, దిండు గలీబులు మాత్రం తెల్లవే వాడండి, రంగు బట్టలు ఈ మందు తగిలితే వెలిసిపోతాయి.

జెల్ మొదలుపెట్టిన కొన్ని వారాలకి మా పిల్ల నుంచి ఫోన్ వచ్చింది.

"అత్తా, ఎక్కువయ్యాయి. ఇంక ఇది నావల్ల కాదు."

"మండుతోందా?"

"మండట్లేదు. కానీ గడ్డం నిండా వచ్చేశాయి. ఎల్లుండి ఫ్రెషర్స్ పార్టీ."

"లోపలున్నవి బయటికొస్తున్నాయే. డాక్టరమ్మ చెప్పింది కదా, మొదట్లో ఇలా ఉంటుందని."

"నువ్వు పార్టీకి రావుగా, నీకేం!"

దానికి నా దగ్గర జవాబు లేదు. పద్దెనిమిదేళ్ల పిల్లకి పన్నెండు వారాలంటే ఒక సెమిస్టరు. ఎల్లుండికి బాగుచేసే మందు బజారులో దొరకదని మాత్రం చెప్పాను. అయితే అలాంటి మందు ఉందని చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ల గురించి చెప్పడానికే ఈ వారం కలం పట్టాను.

పార్టీ ముందు రోజు దాని రూమ్మేట్ ఒక ట్యూబు తెచ్చిచ్చింది. "మెడికల్ షాపతను ఇచ్చాడు, మా అక్క పెళ్లికి ఇదే రాసింది, మూడు రోజుల్లో మొహం మెరిసిపోయింది" అని. మా పిల్ల రాయకుండా ఫొటో తీసి నాకు పంపింది, అదృష్టం. వెనక చిన్న అక్షరాల్లో బీటామెథసోన్ అని ఉంది. స్టీరాయిడ్. రాసిన రెండు మూడు రోజులకే వాపు అణిగి, రంగు తేలి, మొహం నిగనిగలాడుతుంది. ఆ మెరుపే దాని వ్యాపారం. నెలల తరబడి రాస్తే చర్మం కాగితంలా పల్చబడుతుంది, కింద రక్తనాళాలు తేలతాయి, బుగ్గల మీద వెంట్రుకలు మొలుస్తాయి, మొటిమలు ఇంతకు ముందెన్నడూ లేనంతగా వస్తాయి. ఆపితే భగ్గున మండుతుంది కాబట్టి మనిషి మళ్లీ అదే ట్యూబు కోసం అదే షాపుకి వెళ్తాడు. దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాల్లో జరిగి 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో, మొహం మీద సమస్యతో వచ్చిన 2,926 మందిలో 433 మంది స్టీరాయిడ్ పూతమందు వాడుతున్నవాళ్లే. వాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది మొటిమల కోసమే మొదలుపెట్టారు. ఆ మందు వల్ల ఎక్కువమందిలో కనబడ్డ చెరుపు ఏమిటో తెలుసా? మొటిమలే.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మా పిల్ల రూమ్మేట్‌ని ఆ షాపులో చీటీ ఎవరూ అడగలేదు.

అందుకే ఒక్క మాట. షాపులో మొటిమలకని ఏ ట్యూబు ఇచ్చినా డబ్బులిచ్చే ముందు వెనక్కి తిప్పి చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరు కనబడినా వెనక్కిచ్చేయండి. ఇప్పటికే అలాంటిది నెలల తరబడి రాస్తున్నవాళ్లు ఈ కాలమ్ చదివి ఇవాళే పారేయకండి, ఒక్కసారిగా ఆపితే మొహం తట్టుకోలేదు. ఆ ట్యూబు పట్టుకుని ఈ వారమే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లు చెబుతారు.