మజ్జనావగాహనవిచారము

ఒక వ్రాఁతప్రతి నా యొద్ద నేఁడాదిగా నున్నది. ఇది యింకను అచ్చుపడలేదు. దీనిని వ్రాసినవారు కోనసీమలో నొక యున్నతపాఠశాలకుఁ బ్రధానోపాధ్యాయులుగా నుండి విశ్రాంతి నొందినవారును, వారి సహధర్మచారిణియును. తమ పేరులు ప్రకటింపవలదని వారి కోరిక గావున నిందు అయ్యవారు, అమ్మగారు అని వ్యవహరించెదను. ఈ దంపతులు 2012 లో, అఱువదియేండ్లు దాఁటిన పిమ్మట, కుమారునిఁ జేరి యాస్ట్రేలియాలో బ్రిస్బేను నగరమున స్థిరపడిరి. అచట నీఁటి కొలనిలో నారంభించి సముద్రమున మునిఁగి తిరుగు విద్యను నేర్చిరి. 2013 మొదలు 2019 వఱకుఁ గెయిర్న్సు తీరమునందలి పగడపుదిబ్బలయందును, మాలదీవులయందును, అండమానులయందును, ఎఱ్ఱసముద్రమునను నీటి యడుగునఁ దాము చూచినదానిని రూళ్లపుస్తకములలో వంతులవారిగా వ్రాసికొనిరి. ఇది ప్రకటనార్హమా కాదా చెప్పుఁడని నాకుఁ బంపిరి. నేను వైయాకరణుఁడను, ఈఁత యెఱుఁగను. అయినను తప్పులు దిద్దుట నాకు జీవితకాలపు టలవాటు. ఎఱ్ఱసిరా కలముతోఁ గూర్చుండి యాఱునెలలు దిద్దితిని. ఆ దిద్దుబాటువలన నేమి చెడినదో విన్నవించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందు మాటను విచారింతము. ధాతుపాఠమున మస్జధాతువునకు శుద్ధి యర్థముగాఁ జెప్పఁబడినది. కావున మజ్జనమన్నను నిమజ్జనమన్నను మూలమున నున్నది స్నానమే. గాహధాతువున కర్థము విలోడనము. కలఁచుచు లోనికిఁ జొచ్చుట. అవగాహనము నీటిలోఁ జొరఁబడుటయై, అటుపిమ్మట బుద్ధితోఁ జొరఁబడుటయై, నేఁటి తెలుఁగున వట్టి తెలివిడిగా మిగిలినది. పాఠము చక్కఁగా అవగాహనమైనదని బడిపిల్లవాఁడు చెప్పునపుడు ఆ మాటకుఁ దడి యేమియు లేదు.

గోదావరీతీరవాసులమైన మనకు మజ్జనమే కాని యవగాహనము లేదు. 2015 పుష్కరములలో రాజమహేంద్రవరపు రేవులలో లక్షలకొలఁది జనులు మునిఁగిరి. అందఱును గన్నులు మూసికొనియే మునిఁగిరి. తెఱచిన మాత్రమున ఆషాఢపు టెఱ్ఱనీటిలోఁ గానవచ్చున దేమి? రేవులలోఁ జిల్లరనాణెములకై మునుఁగు పిల్లలును, నడియేటఁ బడవ నిలిపి బకెట్లతో నిసుక తోడువారును జేతితడుముతోనే పని నెఱవేర్చుకొందురు. 2019 సెప్టెంబరు 15 న కచ్చులూరి యొద్ద యాత్రికుల పడవ మునిఁగినది. కాకినాడ ధర్మాడి సత్యముగారి జట్టువారును, విశాఖపట్టణమునుండి వచ్చిన మునుఁగువారును బాటుపడఁగా నక్టోబరు 22 న నది పైకి వచ్చినది. ఆ దినములలో మునుఁగువాఁడన్న మాట వినఁగనే యొడలు గగుర్పొడిచెడిది. స్నానమునకో, పొట్టకూటికో, మృతులను వెదకుటకో మునుఁగుట మన మెఱుఁగుదుము. చూచుటకై మునుఁగుట యెఱుఁగము. ఇంక సముద్రమా, మనకు ఉప్పెనయే. 1839 లోఁ గోరంగి పాడైనది. 1996 నవంబరు 6 నాఁటి రాత్రి కోనసీమ కొబ్బరితోఁటలు నేలఁబడినవి. అయ్యవారి యింటి పెంకులు నా రాత్రియే లేచిపోయినవఁట. అట్టివారు వార్ధకమున సముద్రమున దిగిరనఁగా మొదట నాకుఁ గలిగినది యాశ్చర్యము గాదు, కోపము.

మన కవు లేమి చేసిరో చూతము. ఉలూచి యర్జునుని గంగలోనికిఁ గొనిపోయినది. పోయినంతనే నీరు మాయమై మేడలును వీథులును నగుపడును. చేమకూర వేంకటకవి విజయవిలాసమునందును నంతే. శ్రీకృష్ణుఁడు గురుపుత్రునికై సముద్రమునఁ బంచజనునిఁ జంపి శంఖము గైకొనును. ఆ నీటి రంగేదో చెప్పువారు లేరు. దుర్యోధనుఁడు ద్వైపాయనహ్రదమున జలమును స్తంభింపఁజేసి దాఁగెను. స్తంభించిన నీరు నీరు గాదు. కాళిదాసు రఘువంశమునఁ బదుమూఁడవసర్గను సముద్రవర్ణనముతో నారంభించెను. విమానముమీఁద నున్న దంపతులు క్రిందఁ జూచుచుందురు. తిమింగిలములు నదీముఖజలమును బుక్కిలించి తలమీఁది రంధ్రములనుండి చిమ్ముట వంటి చక్కని పరిశీలన మందుఁ గలదు. అయినను ఆ చూపు పైనుండి చూచిన చూపు. సముద్రగర్భమును వర్ణించిన మహాకవులలో నూఁపిరియాడక చూచినవాఁ డొక్కఁడును లేఁడని నా తాత్పర్యము. ఇది దోషారోపణము గాదు. వారికిఁ బనిముట్టు లేదు.

ఆ పనిముట్టు 1943 లో ఫ్రాన్సుదేశమునఁ గూస్తో, గాన్యాన్ అనువారిచే సిద్ధమైనది. నొక్కి నింపిన గాలిబుడ్డిని వీఁపునఁ గట్టుకొని, ఉన్న లోఁతునకుఁ దగిన యొత్తిడితో గాలిని నోటి కందఁజేయు మరను బండ్లతోఁ గఱచి దిగుదురు. స్కూబా యన్న పేరు ఐదు ఇంగ్లీషుమాటల మొదటియక్షరముల కూర్పు. పాణిని ప్రత్యాహారములు చదివినవారి కది వింత గాదు. నాకు వింతయైనది వేఱొకటి. జలమున నుండుటకుఁ గుంభకము కావలెనని పురాణములు చదివి నే ననుకొనియుంటిని. వీరి శాస్త్రమునఁ బ్రథమసూత్రము దానికి విపరీతము: ఊఁపిరి యెన్నఁడును బిగఁబట్టరాదు. పది మీటర్ల లోఁతున కొక వాయుమండలపు టొత్తిడి హెచ్చును. అచటఁ బీల్చిన గాలిని బిగఁబట్టి పైకి లేచినచో నది యుబ్బి యూఁపిరితిత్తులను జీల్చును. అయ్యవారు సంధ్యావందనమున నలువదియేండ్లు అభ్యసించిన కుంభకమును మఱచుటకే తమకు నెల పట్టెనని వ్రాసిరి. ఈ వాక్య మొక్కటి వారి భాగమునకుఁ దలమానికము.

ఏలయన నయ్యవారి భాగమునఁ దక్కినది చాలవఱకుఁ బేలవము. పగడపుదిబ్బల వరుస పొడవు 2,300 కిలోమీటర్లని మూఁడుచోటులఁ జెప్పిరి. సత్రముల భోజనమును గూర్చి యొక ప్రకరణము పూర్తిగా వ్రాసిరి, అది తీసివేయవచ్చును. చూచిన ప్రతి వస్తువును స్వర్గతుల్యమనిరి. లెక్కించితిని, పదునొకండు సారులు. స్వర్గమును జూచినవారు లేరు గనుక నా యుపమానమున నుపమేయమునకుఁ గలిగిన లాభ మేమియు లేదు. గాలిబుడ్డికి స్వయంశ్వాసయంత్ర మనియు, కాళ్ల రెక్కలచెప్పులకుఁ బాదపక్షములనియుఁ బేళ్లు పెట్టిరి. ఇది నాకు మొదట మిక్కిలి నచ్చినది. అమ్మగారి భాగము చదివి, ఇది వంటయింటి తెలుఁగు, సంస్కరింపక ముద్రింపరాదని యంచున వ్రాసితిని.

ఆమె వాక్యములు కొన్ని యున్నవున్నట్లుగాఁ జూపుదును: "ఎర్ర గుడ్డపీలిక ఒకటి మణికట్టుకి కట్టుకుని దిగాను. దిగేకొద్దీ అది ఎరుపు పోగొట్టుకుంది. పదిహేను మీటర్ల దగ్గర బూడిద రంగులో ఉంది. ఆయన దీపం వేసి చూపిస్తే మళ్లీ ఎర్రగా అయింది. ఆపేస్తే మళ్లీ బూడిద." నే నిందు బూడిదను గొట్టివేసి, రక్తవర్ణము నీలిమలో లీనమయ్యె నని దిద్దితిని. సముద్రము నీలము గదా, లీనమగుట రమణీయము గదా యని నా యూహ. ఆ ప్రకరణమును దిరుగఁ జూపఁగా నామె వ్రాసిన యుత్తర మిది: "శాస్త్రిగారూ, నీలం కాదండీ. నీలం అయితే నేనూ నీలం అనే రాసేదాన్ని. బూడిద."

అప్పుడు విచారించితిని. నీరు సూర్యకాంతిలో నెఱుపును మొట్టమొదట హరించునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. ఎఱుపు చేరని చోట నెఱ్ఱగుడ్డ నీలము గానేరదు, మసకబాఱును. నేను జేసినది సంస్కారము గాదు, అసత్యము. కవిసమయము ననుసరించి కన్నునకు విరోధముగా వ్రాసితిని. ఆలంకారికులు లోకవిరుద్ధమును దోషములలో లెక్కించిరి. ఇన్నియేండ్లు ఆ ప్రకరణమును బాఠము చెప్పిన నేను ఆ దోషమునే యితరుల గ్రంథమునఁ జొప్పించితిని.

అది మొదలు నా దిద్దుబాటులను మరల దిద్దుట పనియైనది. పగడము విషయ మొకటి చెప్పవలెను. విద్రుమమును అధరమునకుఁ బోల్చుట కావ్యములయం దెల్లెడలఁ గలదు. ఆ యెఱ్ఱపగడము ప్రధానముగా మధ్యధరాసముద్రమునఁ బుట్టి వర్తకులవెంట మన దేశమునకు వచ్చిన సరకు. మన కవులు పగడమును జాలమట్టుకుఁ గంసాలి యంగడిలోఁ జూచిరి. అమ్మగారు చూచిన దిబ్బలలోని జీవములు తేనెరంగు, ఆకుపచ్చ, ఊదారంగుగా నున్నవి. పెదవికిఁ బోల్చఁదగినది యొకటియు లేదు. నేను మాత్రము బింబాధరప్రవాళమని యొకచోట నతికితిని! ఇంతకంటెఁ గష్టమైనది తెలుపు. 2017 లో వారు కెయిర్న్సుకడఁ దిబ్బమీఁదికిఁ బోయిరి. "అంతా తెల్లగా ఉంది. ఎంత బాగుందో అనుకున్నాను. పైకి వచ్చాక పడవ మీది పిల్ల ఏడుస్తోంది. నీళ్లు వేడెక్కి రంగు పోయిందట, ఇలాగే ఉంటే చచ్చిపోతుందట" అని యామె వ్రాసినది. సాహిత్యమునఁ గీర్తి తెల్లన, హాసము తెల్లన. అందుచే నేను "ఆ దిబ్బ మూర్తీభవించిన యశస్సువలె నుండె"నని చేర్చితిని. వ్యాధిని యశస్సనుట కంటెఁ బెద్ద యనౌచిత్య ముండునా? ఆ యేఁడును, అంతకు ముందు 2016 లోను, సముద్రపు వేఁడిమిచే నా దిబ్బలు విస్తారముగా వెలవెలఁబోయినవి. ఆమె చేసిన తప్పు క్షణకాలముది, తానే చెప్పుకొన్నది. నాది యచ్చునకుఁ బోవలసినది.

ఇట్లని యామె వ్రాఁత నిర్దోషమనరాదు. క్రియాపదముల కాలము నిలుకడగా నుండదు. చూచిన చోటేదో చెప్పక యా చోటి చేఁపను జెప్పును. ఎఱ్ఱసముద్రపు ప్రకరణమున నేది ముందో యేది వెనుకో తెలియదు. కాని సముద్రపువ్వులో జంటగాఁ గాఁపురముండు చాఱలచేఁపలను గూర్చిన భాగము చూడుఁడు. వానిలోఁ బెద్దది యాఁడుది. అది చచ్చినచో మగఁడే యాఁడుదగునఁట. ఇది శాస్త్రజ్ఞులు నిర్ణయించినదే. చేఁపను మహద్వర్గమునఁ జేర్పక యమహత్తుగా విడిచిన మన వ్యాకరణ మీ చిక్కునుండి సులువుగాఁ దప్పించుకొన్నది! అమ్మగారు దీనిపై వేదాంత మేమియుఁ జెప్పక, ఆ పెద్దచేఁప తన చేతివ్రేలిని వచ్చి కఱచెనని మాత్రము వ్రాసినది.

దంపతిశబ్దమును రాజదంతాదిగణమున జంపతీ, జాయాపతీ యనువానితోఁ బఠించిరి. వేదమున దమ్ అనఁగా నిల్లు. ఇంటికి నధిపతులు గనుక దంపతులని యొక నిర్వచనము. ఇల్లు విడిచి, ఊరు విడిచి, పరదేశమునఁ గొడుకింట నుండువారి కా శబ్ద మెట్లు చెల్లునని చదువునంతసేపు నాకు శంక యుండెను. మునుఁగువా రొంటిగా దిగరాదని నియమము. ఒకరి గాలి చెడినచో రెండవవారి గాలి పంచుకొనవలెను. అట్టి తోడునకు నేను సహావగాహి యని పదము కల్పించి పంపితిని. అమ్మగారు జోడు అని వ్రాసికొన్నది. నీటిలో మాట చెల్లదు, సైగలే. బొటనవ్రేలు పైకెత్తినచో బాగని గాదు, పైకి లేచిపోవుదమని యర్థము. అయ్యవారు మొదటి దినములలోఁ జేఁప నొకదానిని మెచ్చుకొని బొటనవ్రేలెత్తఁగా నామె భయపడి పైకి లేవసాఁగినదఁట. "ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన నా మాటకు అడ్డురాకుండా నలభై నిమిషాలు ఉన్నది అక్కడే" అని యామె వ్రాసిన వాక్యమును గౌరవభంగమని కొట్టివేసితిని. దానిని నిలుపుఁడని యడిగినవా రయ్యవారు.

పురాణములయందు వీరికి దగ్గఱివాఁడు చ్యవనుఁడు. ఆతని కథలు రెండు. అరణ్యపర్వమున వృద్ధుఁడైన చ్యవనుఁ డశ్వినీదేవతలతోఁ గొలనునఁ దిగి యౌవనముతో లేచెను. అది మజ్జనము, శుద్ధి. అనుశాసనపర్వమున గంగాయమునాసంగమమునఁ బండ్రెండేండ్లు నీట నుండి, జాలరుల వలలోఁ జేఁపలతోఁ గూడఁ జిక్కి, కలిసి బ్రతికినవానిని విడువనని యూరకుండెను. ఇదియే యవగాహనము. మొదటి కథను నాటకములుగా నాడిరి. రెండవదానిని బాఠశాలలలో నెవ్వరైనఁ జెప్పఁగా వినలేదు.

కడపటి ప్రకరణ మయ్యవారిది. 2019 లో గుండె చప్పుడునందు లోపమున్నదని వైద్యుఁడు మునుఁకలు మానిపించెను. అమ్మగారు మఱియొక జోడుతో దిగినది. ఆయన పడవ యంచునఁ గూర్చుండి నీటిపై బుడగలను జూచుచుండిరి. రెండు వరుసలు. ఇందు స్వర్గము లేదు, కొలఁతలు లేవు. "ఆవిడ నెమ్మదిగా ఊపిరి పీలుస్తుంది. బుడగలు ఆగి ఆగి వస్తాయి. ఎడమ వరుస ఆవిడది. పడవ తిరిగింది, అప్పుడూ తెలిసింది." ఒక్కరూపున నీటినుండి లేచిన మువ్వురిలో సుకన్య భర్తను గుర్తించిన తెఱఁగేదో వ్యాసుఁడు విశదముగాఁ జెప్పఁడు. అయ్యవారు చెప్పిరి. ఈ ప్రకరణము పక్కన నేను మొదట వ్రాసినది: అప్రస్తుతము.

గ్రంథము ప్రకటనార్హము. భోజనప్రకరణము తీసివేయవలెను, స్వర్గములు పదింటిని దొలఁగింపవలెను, జోడు, గాలిబుడ్డి, రెక్కలచెప్పులు, బూడిద యట్లే యుండవలెను. ఇట్లు వ్రాసి పుస్తకములను మొన్న తిరుగటపాలోఁ బంపితిని. నా యెఱ్ఱసిరా గీఁతలు చెఱపుట కలవికాలేదు. అచ్చుకూర్చువారు వానిని లెక్కసేయవలదని మొదటిపుటమీఁద నల్లసిరాతో వ్రాసితిని.