తిరస్కృత వ్యాసం – పునఃపరిశీలన హక్కు

శాస్త్ర పత్రిక తిరస్కరించిన వ్యాసాన్ని మళ్ళీ పరిశీలించమని కోరడం రచయితకున్న న్యాయమైన హక్కు. అయితే ఆ హక్కును వినియోగించుకునే తీరులోనే విద్వాంసుని యోగ్యత బయటపడుతుంది. 1977లో నోబెల్ బహుమతి పొందిన రోజలిన్ యాలో ప్రసంగాన్ని ఈ దృష్టితో చదవాలి.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆస్పత్రిలో ఆమె, సాలమన్ బెర్సన్ కలిసి పరిశోధన చేశారు. అదివరకే ఇన్సులిన్ చికిత్స పొందినవారి రక్తంలో, రేడియోధార్మిక అయొడిన్ చేర్చిన ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి ఉండడం గమనించారు. వారి శరీరంలో ఇన్సులిన్‌కు యాంటీబాడీలు, అనగా పరాయి పదార్థాన్ని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు, ఏర్పడడమే దీనికి కారణమని తేల్చారు. అంత చిన్న అణువుకు యాంటీబాడీలు పుట్టవని ఆనాటి నిపుణుల నమ్మకం. 'సైన్స్' పత్రిక వ్యాసాన్ని త్రిప్పి పంపింది. 1955లో 'జర్నల్ ఆఫ్ క్లినికల్ ఇన్వెస్టిగేషన్' కూడ మొదట తిరస్కరించింది.

రచయితలు ఊరుకోలేదు. ఒక ప్రామాణిక పాఠ్యగ్రంథంలో యాంటీబాడీకి ఇచ్చిన నిర్వచనాన్ని తీసుకొని, తాము కనుగొన్న పదార్థం దానికి ఎలా సరిపోతుందో చూపారు. శీర్షికలో మాత్రం ఆ పదాన్ని వదలుకొని, 'ఇన్సులిన్‌ను బంధించే గ్లోబ్యులిన్' అని వ్రాయడానికి ఒప్పుకున్నారు. 1956లో వ్యాసం అదే పత్రికలో అచ్చయింది. హార్మోన్లను అతి సూక్ష్మ పరిమాణంలో కొలిచే రేడియో ఇమ్యునో అస్సే పద్ధతికి ఆ పరిశోధనే మూలం. బహుమతి నాటికి బెర్సన్ లేరు, 1972లోనే మరణించారు.

యాలో తన ప్రసంగంలో తిరస్కరణ లేఖనే ప్రదర్శించారు. రాజీని గురించి కూడ చెప్పారు గాని, శ్రోతల దృష్టి లేఖ మీదికే పోవడం సహజం. పరిశోధకులు నేర్చుకోవలసినది మాత్రం ఆ రాజీలోనే ఉంది. పేరు విషయంలో తగ్గారు, నిర్ణయం విషయంలో తగ్గలేదు. సంపాదకుల లోపమూ ఇక్కడే తెలుస్తుంది: వారు రుజువును ప్రచారంలో ఉన్న నమ్మకంతో తూచారు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఐన్‌స్టీన్‌ది. 1936లో గురుత్వ తరంగాలు లేవంటూ పంపిన వ్యాసాన్ని 'ఫిజికల్ రివ్యూ' ఒక పరిశీలకునికి చూపినందుకు ఆగ్రహించి, ఆయన దానిని వెనక్కి తీసుకున్నారు. పరిశీలకుని అభ్యంతరం సరియైనదే. 1937లో మరొక పత్రికలో వెలువడేనాటికి ఆ వ్యాసం నిర్ణయమే మారిపోయింది.

కాబట్టి తిరస్కరణకు కారణాన్ని స్పష్టంగా తెలపడం పత్రిక బాధ్యత. ఆ కారణాన్ని కోపం చల్లారిన తరువాత మరొకసారి చదివి, తప్పు ఎవరిదో తేల్చుకున్నాకే కలం పట్టడం రచయిత బాధ్యత.